పట్టువర్తకుని పాకశాస్త్రము

మేడ్చల్ అంగడిలో దానిని ఆలుగడ్డ యందురు. గోదావరి తీరమున అదే బంగాళాదుంప. రాయలసీమలో ఉర్లగడ్డ. ఒక్క దుంపకు ఒక్క భాషలోనే మూడు పేర్లు. తెలుగువారందరికిని పనికివచ్చునట్లు ఒక వంటపుస్తకము వ్రాయబూనినవాడు మొదటి పుటలోనే ఈ చిక్కున పడును: ఏ పేరు వాడవలెను? ఏ పేరు వాడిన ఏ ప్రాంతమువారు మొగము చిట్లింతురు? పందొమ్మిదవ శతాబ్దపు చివరి దినములలో ఇటలీ దేశమున ఈ చిక్కు ఇంతకు పదిరెట్లుండెను. దానిని విప్పిన ఘనత, వ్యాపారము మానుకొని, పెండ్లియైనను చేసికొనక, రెండు పిల్లులతోను ఇద్దరు పనివారితోను కాలము గడుపుచున్న డెబ్బది యేండ్ల పట్టువర్తకునికి దక్కినది. అతని పేరు పెల్లెగ్రీనో ఆర్టూసి.

ఆలుగడ్డలతో చేయు న్యోక్కి యను ఇటలీ వంటకమును శామీర్‌పేట చుట్టుపట్ల వెలసిన క్రొత్త కాలనీల యిండ్లలో సరదాపడి వండుకొనువారు నేడు లేకపోలేదు. ఎంత దుంపకు ఎంత పిండి కలుపవలెనని వారు వెదకునప్పుడు తెలియకయే ఈ వృద్ధుని గడప త్రొక్కుచున్నారు. అంతకు పూర్వము తల్లి చేతినుండి కూతురి చేతికి వచ్చుచుండిన ఆ విద్యకు తూనికలు కట్టి, దేశమంతయు చదువుకొనునట్లు పుస్తకమున కెక్కించినవారిలో అతడు అగ్రగణ్యుడు.

1820 ఆగస్టు 4వ తేదీన రొమాన్యా ప్రాంతమున ఫోర్లింపోపోలి అను చిన్న పట్టణమున ఆర్టూసి జన్మించెను. తండ్రి అగొస్తీనో పచారి సరకులు, సుగంధద్రవ్యములు అమ్ము వర్తకుడు. కలిగిన సంసారము, పెద్ద కుటుంబము. తల్లి తెరేసా జుంకి. ఆనాటికి ఇటలీ యను రాజ్యమే లేదు. రొమాన్యా పోపుగారి ఏలుబడిలో నుండెను. కొండల కావల టస్కనీ వేరొక ప్రభువుది. ఉత్తరమున ఆస్ట్రియా చక్రవర్తి అధికారము. బాలుడు సమీపముననే యున్న బెర్తినోరో మతపాఠశాలలో చదివెను. యౌవనమున బొలోన్యా నగరమునకు రాకపోకలు సాగించి, అక్కడి విద్యార్థులతో చెలిమి చేసెను. ఆ నగరమున ఒక పూటకూటి యింట తనతో పంక్తిని భుజించిన ఫెలీచె ఓర్సీని యను యువకుడు తరువాత 1858లో పారిస్ నగరమున మూడవ నెపోలియన్‌పై బాంబులు వేయించి, ఆ నేరమునకు తల పోగొట్టుకొనెను. ఆ పరిచయమును ఆర్టూసి వృద్ధాప్యమున తన వంటపుస్తకములో, మాకరోని వంటకమొకటి చెప్పుచు జ్ఞప్తికి తెచ్చుకొనెను. అతని పుస్తకము అట్టిది. కూర ఉడుకునంతలో చరిత్ర వచ్చి గుమ్మమున నిలుచును.

1851 జనవరి 25వ తేదీ రాత్రి ఆ కుటుంబపు గతి మారిపోయెను. స్తేఫనో పెల్లోని యను బందిపోటు ఆ ప్రాంతమును గడగడలాడించుచుండెను. తండ్రి పడవ నడపువాడగుటచేత అతనిని జనులు పస్సతోరె యనిరి. ఆ మాటకు రేవు దాటించువాడని యర్థము. ఆ రాత్రి పట్టణములోని పెద్దలందరు నాటకశాలలో కూర్చుండిరి. తెర లేచినంతనే రంగస్థలముపై నటులకు మారుగా తుపాకులు చేతబూనిన దొంగలు కనబడిరి. ధనికుల పేర్లు ఒక్కొక్కటిగా పిలిచి, వారి యిండ్లు కొల్లగొట్టిరి. ఆర్టూసి కుటుంబపు ఇల్లును అందులో నొకటి. పోయిన సొమ్ము తిరిగి సంపాదించుకొనవచ్చును. కాని ఆ రాత్రి జరిగిన పరాభవమువలన ఆర్టూసి సోదరి గెర్త్రూదకు మతి చలించినది. ఆమె మరల కోలుకొనలేదు. పిచ్చివారి ఆసుపత్రిలోనే ఆమె జీవితము ముగిసినది.

రెండు నెలలు గడవకముందే రక్షకభటుల తుపాకి దెబ్బకు పెల్లోని చచ్చెను. కాని జనుల జ్ఞాపకశక్తి విచిత్రమైనది. ధనికులను దోచి పేదలకు పెట్టిన ఉదారుడని అతనిపై పాటలు పుట్టినవి. తరువాతి కాలమున రొమాన్యా ద్రాక్షాసవములకు అతని ముఖమే ముద్రయైనది. గెర్త్రూదను తలచుకొన్నవారు తక్కువ.

ఆ ఊరిలో ఇక నిలువలేక ఆర్టూసి కుటుంబము ఫ్లోరెన్సు నగరమునకు తరలిపోయెను. కన్నతల్లివంటి ఊరిని నడివయసున విడిచినవాడు, అక్కడి యాసను, అక్కడి రుచిని జీవితాంతము నాలుకపై మోయును. కొండ కీవల రొమాన్యా వంట, కొండ కావల టస్కనీ భాష: ఈ రెండును ఒక్క మనిషిలో కలిసినది ఆ దోపిడివలననే యని చెప్పక తప్పదు.

ఫ్లోరెన్సులో అతడు పట్టు వ్యాపారము చేసి చక్కగా గడించెను. ఈ సంవత్సరములలో చెప్పుకొనదగినది ఒక్క సంఘటన. 1855లో సముద్రస్నానములకై లివోర్నో రేవుపట్టణమునకు పోయి, ఒక భోజనశాలలో పలు కూరగాయలతో కాచిన మినెస్ట్రోనె యను చిక్కని పులుసు త్రాగెను. రాత్రియంతయు కడుపునొప్పితో గిలగిల తన్నుకొని, ఆ పులుసును శపించుచు మరునాడు ఫ్లోరెన్సు చేరెను. తరువాత వార్త వచ్చినది: లివోర్నోలో కలరా పొడసూపినది, తాను బస చేసిన యింటి యజమాని మొదటనే దానికి బలియైనాడు. పాపము, పులుసు నిర్దోషి. ఆర్టూసి ఇంటివద్ద పలుమారులు ప్రయత్నించి ఆ పులుసును తన రుచికి తగినట్లు కుదుర్చుకొని, ఈ కథతో సహా పుస్తకమున చేర్చెను.

యాబది యేండ్ల ప్రాయము వచ్చుసరికి అక్కచెల్లెండ్రకు పెండ్లిండ్లయినవి, తలిదండ్రులు గతించిరి, చేతిలో సొమ్మున్నది. వ్యాపారము విరమించి, ఫ్లోరెన్సులోని దాజేల్యో చౌకులో ఇల్లు తీసికొని, చిరకాలముగా మనసున దాచుకొన్న కోరిక తీర్చుకొనబూనెను. ఆ కోరిక వంట కాదు, సాహిత్యము. ఊగో ఫోస్కొలో మహాకవి జీవితచరిత్రను వ్రాసి 1878లో సొంత ఖర్చుతో ప్రకటించెను. ఎవరును కొనలేదు. 1881లో జూసెప్పె జూస్తి యను వ్యంగ్యకవి లేఖలు ముప్పదింటిపై విమర్శ వ్రాసి ప్రకటించెను. దానికిని అదే గతి. పండితుల సభలో చోటు దొరుకునని ఆశించిన వర్తకునికి ఆ సభ తలుపు తెరవలేదు. అరువది దాటిన తరువాత ఇట్టి రెండు ఓటములు తిన్నవాడు సాధారణముగా కలము క్రింద పెట్టును.

ఆర్టూసి పెట్టలేదు. ఏండ్ల తరబడి తన యింట వండించి, తిని, మరల వండించి కాగితములపై గుర్తు పెట్టుకొన్న వంటకములన్నియు ఒకచోట చేర్చెను. పాకమున శాస్త్రము, భోజనమున కళ అను అర్థము వచ్చునట్లు పేరు పెట్టి, ప్రకాశకుల చుట్టు తిరిగెను. కొందరు ఎదురు సొమ్మడిగిరి, కొందరు చులకన చేసిరి. వెరోనా నగరమున సాహిత్యము బోధించు ఫ్రాంచెస్కో త్రెవిసాన్ అను పండితుడు, ఫోస్కొలో భక్తుడు, ఆ వ్రాతప్రతిని చూచి, ఇది నడువదని తేల్చి చెప్పెను. ఆ తీర్పు చెప్పినది సాహిత్యోపాధ్యాయుడని సాహిత్యోపాధ్యాయులు మరువకుండుట మంచిది.

చివరకు 1891లో, డెబ్బది యొకటవ యేట, సాల్వదోరె లాండి ముద్రణాలయమున సొంత సొమ్ముతో వేయి ప్రతులు అచ్చు వేయించెను. అందు 475 వంటకములు కలవు. ఆ రోజులలో సొంత ఊరిలో ధర్మకార్యమునకై సంత జరుగుచు, కొన్ని పుస్తకములు పంపుమని కోరగా, ఫోస్కొలో చరిత్ర ప్రతులు లేనందున ఈ పుస్తకములు రెండు పంపెను. లాటరీలో వానిని గెలుచుకొన్నవారు నవ్వుకొని, నేరుగా పొగాకు దుకాణమునకు పోయి అమ్మివేసిరి. ఈ సంగతులన్నియు ఏ కోపమును లేక, తన పుస్తకమును సిండరెల్లాతో పోల్చుకొని, తరువాతి ముద్రణల పీఠికలో అతడే చెప్పుకొనెను. ఆదరించినవారిలో ప్రసిద్ధుడు పావొలో మాంతెగాజ్జా యను మానవశాస్త్రవేత్త ఒకడు. ప్రతులు అంగళ్లలో కాక ఆర్టూసి యింటినుండియే తపాలాలో పోయెడివి. వేయి ప్రతులు అమ్ముడగుటకు నాలుగేండ్లు పట్టినది. 1895లో రెండవ ముద్రణ వచ్చినది. ఆ తరువాత వెనుకకు చూచుట లేకపోయెను. అతడు జీవించియుండగనే పదునైదు ముద్రణలు వెలువడినవి. వంటకములు 790కి పెరిగినవి.

ఆ పుస్తకపు రీతి తెలిసికొనుటకు న్యోక్కి ప్రకరణమొక్కటి చాలును.

ఆలుగడ్డ ఇటలీదియు కాదు, మనదియు కాదు. దక్షిణ అమెరికాలోని ఆండీస్ కొండలలో పుట్టి, పదునారవ శతాబ్దమున స్పెయిన్‌వారి ఓడలపై ఐరోపాకును, ఆ పిమ్మట పోర్చుగీసువారి వెంట హిందూదేశమునకును వచ్చినది. న్యోక్కి మాత్రము అంతకు పాతది. రొట్టె ముక్కలతోను పిండితోను చేసిన ఉండలను ఇటలీవారు ఎంతో కాలమునుండి ఉడికించి తినుచుండిరి. దుంప వచ్చి అందులో చేరినది. ఆర్టూసి చెప్పిన లెక్క ఇది: పెద్దవి, పసుపువన్నెవి అయిన దుంపలు 400 గ్రాములు, గోధుమపిండి 150 గ్రాములు. దుంపలను నీటిలో ఉడికించవలెను, ఆవిరిపైనైన మరియు మేలు. వేడిగా నుండగనే తోలు తీసి జల్లెడపై రుద్దవలెను. పిండి కలిపి వ్రేలిలావు కడ్డీలుగా తాల్చి, మూడేసి సెంటీమీటర్ల ముక్కలు కోసి, ఒక్కొక్క ముక్కను తురుముపీట వెనుకవైపున బొటనవ్రేలితో నొక్కవలెను. ఆ గరుకు గుంటలలో వెన్న నిలుచును. పిమ్మట ఉప్పునీటిలో పది నిమిషములు ఉడికించుమన్నాడు. నేటివారు ముక్క తేలగానే తీయుదురు, అంతసేపు ఉంచరు.

పిండి తగ్గిన ఏమగునో చెప్పుటకు అతడొక ముచ్చట చేర్చెను. ఒక యిల్లాలు న్యోక్కి చేసి మరుగు నీటిలో వేసినది. కొంతసేపటికి గరిటె పెట్టి కలుపబోగా గిన్నెలో ఒక్కటియు లేదు. ఈ కథ విన్న మరియొక స్త్రీ, ఏ దయ్యమో ఎత్తుకొనిపోయినదేమో యన్నంత ఆత్రముతో అవి యేమైనవని అడిగినదట. దయ్యమేమియు లేదు, పిండి చాలక అవి నీటిలో కరగిపోయినవి. మేడ్చల్‌లో నైనను మిలానులో నైనను ఈ ప్రమాదము నేటికిని జరుగుచునే యున్నది. కారణము దుంపలోని నీరు. క్రొత్తగా త్రవ్విన దుంపలో నీరెక్కువ; నిలువ దుంప పొడిపొడిగా నుండును. చిదిమిన దుంపను కొంతసేపు పరచి ఆవిరి పోనిచ్చిన పిండి తక్కువ పట్టును. పిండి మితిమీరినను, చపాతి ముద్దవలె అదేపనిగా మర్దించినను ముక్క రబ్బరగును. తెలివైనవారు మొదట ఒక్క ముక్కను నీటిలో వేసి చూచుకొందురు. ఉండ్రాళ్ల నీరు కుదిరినదో లేదో మన పెద్దలు చేతితో నొక్కి చూచుకొనునట్టి జాగ్రత్తయే ఇది.

ఆర్టూసి ఈ ముక్కలకు జున్ను తురుము, వెన్న, కావలసిన టమాటో గుజ్జు కలుపుమన్నాడు. టమాటో పేరు వచ్చిన పిదప అతడు ఊరుకొనునా? ఊరిలో ప్రతి యింటి సంగతిలో తలదూర్చు ఒక పురోహితునికి, అన్ని కూరలలోను దూరునది టమాటోయే కనుక, జనులు టమాటో అయ్యవారని పేరు పెట్టిరని వేరొక చోట చెప్పి నవ్వించెను. న్యోక్కిని పాలలోనే ఉడికించి, వడకట్టక వడ్డించిన మరింత సుకుమారముగా నుండునని కూడ సూచించెను. ఈ వాక్యము చదివిన తెలుగువారికి పాలతాలికలు తలపునకు రాక మానవు.

నేడు ఇండ్లలో ఎక్కువగా చేయునది ఆకు వేసిన వెన్నతో. ఉత్తర ఇటలీలో సాల్వియా యను సువాసన గల ఆకు వాడుదురు. అది తులసి కుటుంబమునకు చెందినది. వెన్న కాచుట మనకు క్రొత్త కాదు. మనము మడ్డి అడుగుకు దిగువరకు కాచి, వడగట్టి నెయ్యి చేసికొందుము. వారు నురుగు అణగి, అడుగున తెల్లని పదార్థము పసిడివన్నెకు తిరుగునంతలో ఆకు వేసి, అది కరకరలాడగానే దించి, వడగట్టక ఉడికిన ముక్కలపై పోయుదురు. క్షణము ఆలస్యమైన చేదు. సాల్వియా దొరకని శామీర్‌పేట యింట పెరటిలో వాము ఆకు ఉన్న చాలును. అదియు ఆ కుటుంబమునదే. మొత్తము వంటలో నిప్పును కనిపెట్టియుండుటయే కష్టము, తక్కినది ఓర్పు.

ఇక భాష సంగతి. 1861లో ఇటలీ ఒక్క రాజ్యమైనను ఒక్క మాటగా కాలేదు. పుస్తకములలోని ఇటాలియన్ భాషను ఇంటిలో మాటలాడువారు బహు కొద్దిమంది. ఒక్కొక్క ఊరిలో ఒక్కొక్క మాండలికము. సంపన్నుల యిండ్లలో వంటలకు ఫ్రెంచి పేర్లు. ఆర్టూసి ఫ్రెంచి ఆడంబరమును ఎగతాళి చేసి, ఫ్లోరెన్సువారి వాడుకమాటలలో వ్రాసి, ఇతర ప్రాంతములవారికి తెలియని టస్కనీ పదములకు పుస్తకమునందే అర్థములు ఇచ్చెను. కవి చరిత్ర వ్రాసినప్పుడు అతని వాక్యము పండితులకై బిగిసిపోయినది. వంట వ్రాసినప్పుడు అదే చేయి విశ్రాంతిగా కదలినది. పాఠశాల చదువు అంతంతమాత్రముగా ఉన్న గృహిణులు ఆ పుస్తకమును ముందిడుకొని దేశభాష నేర్చిరి. 1970లో ఈ గ్రంథమును సవ్యాఖ్యానముగా ప్రకటించిన పియెరో కాంపొరేసి యను విమర్శకుడు, దేశమును ఏకము చేయుటలో ఇది మాంజోని మహానవలను మించిన పని చేసినదని నిర్ణయించెను. ఫోస్కొలో నీడన నిలువదలచినవానికి మాంజోని సరసన పీట దొరికినది. అదియు వంటింటి త్రోవన.

అయినను అతిశయోక్తి వలదు. ఆ పుస్తకమున రొమాన్యా, టస్కనీ రుచులకే పెద్దపీట. దక్షిణ ఇటలీకి దక్కిన చోటు స్వల్పము. జొన్నంబలివంటి మొక్కజొన్న ముద్దతో కడుపు నింపుకొనుచు, కూలికై ఓడలెక్కి అమెరికాకు పోవుచున్న పేదవాని పొయ్యి అందులో కనబడదు. అది మధ్యతరగతి యింటి పుస్తకము. ఆ మేరలోనే దాని గొప్పతనము.

ఆ గొప్పతనమున ఆర్టూసికి ఇద్దరు భాగస్వాములు కలరు. వంటవాడు ఫ్రాంచెస్కో రుఫిల్లీ ఫోర్లింపోపోలివాడు. ఇల్లు చక్కబెట్టు మరియెత్తా సబతీని టస్కనీలోని మాస్సా ఎ కొజ్జిలె గ్రామస్థురాలు. యజమాని మేజాబల్లవద్ద పరీక్షించినదంతయు పొయ్యివద్ద పరీక్షించినవారు వీరు. ఉప్పు హెచ్చినదని, పాకము ముదిరినదని ఒక్కొక్క వంటకమును మరల మరల చేయించిన యజమానితో వేగుట ఎంత పనియో ఊహింపవచ్చును. వీరిద్దరు కాక మూడవ సహాయము తపాలా. దేశము నలుమూలలనుండి స్త్రీలు ఉత్తరములు వ్రాసిరి. కుదరలేదని కొందరు, తమ యింట ఇట్లు చేయుదుమని కొందరు. ముద్రణ ముద్రణకు అతడు సవరించెను, చేర్చెను. పండిన కేకువంటి పానెత్తోనె రొట్టెకు ఒక దానికి మరియెత్తా పేరే పెట్టి, ఆమె మంచితనమునకు అది తగినదని వ్రాసెను. పనిమనిషి పేరు గ్రంథస్థము చేసిన యజమానులు ఆనాడు ఏ దేశముననైనను ఎందరు?

1911 మార్చి 30వ తేదీన, తొంబది యేండ్లు నిండిన పిదప, ఆర్టూసి ఫ్లోరెన్సులో మరణించెను. నగరమునకు ఎగువనున్న సాన్ మినియాతో కొండపై అతని సమాధి కలదు. మరణశాసనము తెరచి చూడగా గ్రంథస్వామ్యము మరియెత్తాకును, ఫ్రాంచెస్కోకును వ్రాయబడియుండెను. ప్రకాశకులు వలదన్న ఆ పుస్తకపు రాబడి వంట చేసిన చేతులకే చేరినది. తక్కిన ఆస్తిలో అధికభాగమును, తన పుస్తకములను, అరువది యేండ్ల క్రితము తాను విడిచివచ్చిన ఫోర్లింపోపోలికే ఇచ్చివేసెను. పొగాకు దుకాణమునకు తన పుస్తకము నమ్మిన ఊరది. గెర్త్రూద మతి పోగొట్టుకొన్న ఊరును అదే.

1997నుండి ఆ పట్టణమున ఏటేట అతని పేర ఉత్సవము జరుగుచున్నది. 2007లో ఒక పాత మఠపు కట్టడమున అతని పేర గృహవంటకు అంకితమైన కేంద్రము తెరచిరి. అతడిచ్చిన పుస్తకములు అక్కడనే యున్నవి. అక్కడ పీటపై పిండి పరచి, వచ్చినవారి చేతులు పట్టి వంట నేర్పు ఊరి స్త్రీలు ఒక సంఘముగా ఏర్పడిరి. వారిని మరియెత్తలని పిలుతురు.